ర్యాంకు మాట

"ఫస్టు రావాలి సుమా!" అని పిల్లలతో ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ మాటకు ఒకడు పందెపు గుర్రంలా లేస్తాడు, మరొకడు తాబేలులా తల లోపలికి ముడుచుకుంటాడు. మొదటివాడు చురుకైనవాడనీ రెండోవాడు మొద్దనీ మనం తీర్పు చెప్పేస్తాం. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నాకా తీర్పు సమ్మతం కాదు.

హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పిన మెక్లెలాండ్ గారు ఈ సంగతే చాలాకాలం శోధించారు. తిరునాళ్లలో రింగులు విసిరే ఆట చూసే ఉంటారు. ఆయన చెప్పిన ఆటా అటువంటిదే. కాకపోతే ఎంత దూరంలో నిలబడాలన్నది ఆడేవాడి ఇష్టం. సాధించాలన్న తపన గలవాడు మరీ దగ్గరా నిలబడడు, మరీ దూరమూ పోడు. గట్టిగా ప్రయత్నిస్తే పడుతుందనిపించే చోటు చూసుకుంటాడు. ఓటమికి జంకేవాడు గురి పక్కనే నిలబడతాడు, లేదా ఎవరికీ చాతకానంత దూరం పోతాడు. అక్కడినుంచి తప్పితే ఎవరు నవ్వుతారు గనక!

ఆయనకు మన కాకినాడతోనూ సంబంధం ఉంది. 1964లో అక్కడి చిన్న వ్యాపారులకు హైదరాబాదులో ఆయన పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత వారు తక్కినవారికంటే చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారని 1969లో వింటర్‌తో కలిసి పుస్తకం రాశారు. ఆరితేరిన వర్తకులకే తపన ఓపిగ్గా నేర్పవలసి వస్తే, పదిహేడేళ్ల పిల్లకు అదిలించి తెప్పించగలమా?

పిల్లంటే మా అమ్మాయే లెండి. వచ్చే నెల ఇంజనీరింగు ప్రవేశపరీక్ష. ఇంట్లో కూర్చుంటే లెక్కలు చకచకా చేస్తుంది. కాగితం మీద 'ర్యాంకు పరీక్ష' అని కనిపిస్తే చేతులు చల్లబడతాయి. కాలేజీవారు వారం వారం మార్కులు గోడకంటిస్తారు. మా తమ్ముడి కొడుకు అవి చూడటానికి పరుగున పోతాడు. ఇది ఆ వసారా వైపే పోదు.

మొన్న మా నాన్నగారు, "వెయ్యి లోపు ర్యాంకు తెస్తే స్కూటరు కొంటానమ్మా" అన్నారు. ప్రేమతో అన్న మాటే. పిల్ల అన్నం సగంలో లేచిపోయింది.

"మామయ్యగారితో మీరే చెప్పాలి" అంది మా ఆవిడ.

చెప్పాను: "నాన్నగారూ, స్కూటరు కొనండి. ర్యాంకు ఊసెత్తకుండా కొనండి."

"ఊరికే ఇస్తే విలువుంటుందట్రా?" అన్నారాయన.

ఇప్పుడు రోజూ ముందురోజు తప్పిన లెక్కల్లో మూడు తిరిగి చేయమంటున్నాను. తెలుగు మేస్టారికి లెక్కలేం తెలుస్తాయి? ఆ మూడూ ఏవో తనే ఏరుకుంటుంది. రాత్రి మూడూ అయ్యాక, అడక్కుండానే నాలుగోది తీసింది. నాన్నగారు పేపరు చాటునుంచి చూస్తూనే ఉన్నారు. స్కూటరు మాట మాత్రం ఎత్తలేదు.