జేజి జుట్టు మళ్లీ నల్లబడింది

ఒకే పోజుకి ఇరవై ఫొటోలు తీసి, పందొమ్మిది డిలీట్ చేసే తరం మనది. మీడియం ఫార్మాట్ ఫిల్మ్‌లో ఆ సుఖం లేదు. 120 అని పిలిచే ఈ ఫిల్మ్ 1901 నుంచి ఉంది. నా సెకండ్‌హ్యాండ్ యాషికాలో రోలుకి 12 ఫొటోలే.

మొన్న వేసవిలో మా ఊరు వేములకి ఒక్క రోలుతో వెళ్లాను. అందులో ఐదు జేజివే. ఈ కెమెరాలోకి తల వంచి పైనుంచి చూడాలి. "నా తట్టు చూడకుండా దాంట్లోకి చూస్తాండావేమిరా?" అంది. తీయగానే "ఏదీ, చూపీ" అని చెయ్యి చాపింది. ఎనభై దాటాయి, రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే వినదు. బెంగళూరు ల్యాబ్‌కి పంపి తెప్పించేలోపు ఇంకెంత చూపు మిగులుతుందో! అందుకే ఇంట్లోనే కడుగుదామనుకున్నా.

డార్క్‌రూమ్ అక్కర్లేదు. ఫిల్మ్‌ని ట్యాంకులోకి ఎక్కించే కాసేపు చిమ్మచీకటి ఉంటే చాలు. రాత్రి పదింటికి శెనక్కాయ మూటల గదిలో, తలుపు సందులకి దుప్పట్లు కట్టి కూర్చున్నా. 120 ఫిల్మ్ వెనకాల కాగితం అంటుకుని ఉంటుంది. చీకట్లో దాన్ని వేరు చేసి, ముడత పడకుండా రీల్‌లోకి తిప్పాలి. పాత రోలుతో వెలుతురులో పదిసార్లు ప్రాక్టీస్ చేసినా చేతులు వణికాయి.

అసలు తంటా ఎండతో. డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి. మా కుళాయి నీళ్లు 34! కుండనీళ్లలో ఐసు వేసి 24కి దించాను. వేడి పెరిగితే టైమ్ తగ్గించాలి. 20 దగ్గర 13 నిమిషాలు పట్టేది 24 దగ్గర తొమ్మిది చిల్లరే. నిమిషానికోసారి ట్యాంకు తిరగేయాలి. వెలుతురు తగిలిన వెండి లవణాల్ని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది. మిగిలినవాటిని ఫిక్సర్ కరిగించేస్తుంది. మా నీళ్లు ఆరితే గిన్నెల మీద తెల్లమచ్చలే, అందుకే ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో.

మూత తీశాను. పన్నెండూ వచ్చాయి! దండెం మీద బట్టల క్లిప్పుతో వేలాడదీశా.

తెల్లారి జేజిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నెగెటివ్ చూపించాను. కళ్లకి ఆనించుకుని చాలాసేపు చూసింది. "ఏమ్‌రా, నా ఎంటికలు మళ్లీ నల్లగైనాయే!" అని నవ్వింది. నెగెటివ్‌లో తెల్లది నల్లగా కనిపిస్తుందని చెప్పబుద్ధి కాలేదు.

ఇక ప్రింట్ వేయాలి. మంచి బ్లాక్ అండ్ వైట్ పేపర్‌కి 'బెరైటా' అని పేరుంది. కాగితానికి ఆ తెలుపునిచ్చేది బేరియం సల్ఫేట్. అంటే మన ముగ్గురాయి. వేముల చుట్టూ ఉన్నవి ఆ గనులే. వయసులో ఉన్నప్పుడు జేజి ఆ గనుల్లో కూలికి పోయి, తట్టలతో రాయి మోసింది.

ఆ ముగ్గురాయి తెలుపు మీదే ఆమె మొహం అచ్చు వేస్తా. చూపు ఉండగానే చేతికివ్వాలి. ఆలోపు ఆపరేషన్‌కి ఒప్పిస్తే ఇంకా మంచిది.