ప్రధ్వంసమా, తిరోధానమా?

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ జాతీయ రహదారిపై నార్కట్‌పల్లి దాటిన తరువాత కట్టంగూరు వస్తుంది. ఆ ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు, తన తల్లి పాడిన అచల తత్వాలను కొన్ని సంవత్సరాలుగా కంప్యూటరులో అక్షరబద్ధం చేస్తూ వచ్చాడు. ఆమెకు అక్షరజ్ఞానం లేదు. భజనలలో, గురుపూజలలో చెవిన పడినదంతా కంఠస్థం చేసుకున్న తల్లి ఆమె. 140 తత్వాలు పూర్తయిన కొద్ది నెలలకు పరమపదించింది.

ఒకనాటి రాత్రి ఆయన పెన్‌డ్రైవులోని ప్రతిని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు. ఇదే పేరుతో ఒక ఫైలు ఉన్నది, దాని స్థానంలో దీనిని ఉంచవలెనా అని యంత్రం అడిగింది. ఆయన సరేనన్నాడు. పెన్‌డ్రైవులో ఉన్నది 63 తత్వాల పాత ప్రతి. తెరచి చూచేసరికి తక్కిన 77 లేవు.

నాశమనే మాటకు మన దర్శనాలలో ఏకాభిప్రాయం లేదు. సాంఖ్యుల సత్కార్యవాదం ప్రకారం నాశమంటే కార్యం తన కారణంలో లీనం కావడమే. కుండ పగిలితే మట్టిలో తిరోహితమవుతుంది తప్ప శూన్యం కాదు. నైయాయికులు దీనిని అంగీకరించరు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో నాలుగు అభావాలను నిరూపించాడు. అందులో ప్రధ్వంసాభావానికి ఆది ఉన్నది, అంతం లేదు. అదే మట్టితో మరొక కుండ పుట్టవచ్చు గాని, పగిలిన ఆ కుండ మరల పుట్టదు.

చిత్రమేమంటే, హార్డ్‌డిస్కులో ఈ రెండు పక్షాలకూ చోటున్నది. ఫైలును తొలగించినప్పుడు అక్షరాలు వెంటనే చెరిగిపోవు. ఆ చోటు ఖాళీ అని సూచికలో ఒక గుర్తు పడుతుంది, అంతే. ఒక ఫైలు స్థానంలో మరొకటి ఉంచినపుడు కూడ కొత్తది సరిగ్గా పాతదాని చోటనే పడవలెనన్న నియమం లేదు. ఇంతవరకు సాంఖ్యం. ఆ చోటనే కొత్త రాత పడినదా, ఇక న్యాయమతమే గెలుస్తుంది. (ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో ఈపాటి ఆశ కూడ తక్కువ. తొలగించిన చోటును అవి తమంతట తామే శుభ్రపరచుకుంటాయి.)

రాతపై రాత పడినా అయస్కాంతపు పూతలో పాతదాని వాసన మిగులుతుందని ఒకప్పుడు గట్టి విశ్వాసముండేది. 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పత్రం తరువాత, పూర్తిగా చెరపాలంటే 35 మార్లు తిరగరాయవలెనన్న మాట ప్రపంచమంతటా వ్యాపించింది. 2008 డిసెంబరులో మన హైదరాబాదులోనే జరిగిన సమాచార భద్రతా సదస్సుకు క్రెయిగ్ రైట్, ఆయన సహరచయితలు సమర్పించిన పత్రం దీనిని పరీక్షకు పెట్టింది. వాడుకలో ఉన్న డిస్కుపై ఒక్కమారు తిరగరాసినా, పాత బిట్టును సరిగా గుర్తించే అవకాశం సగం కన్న కొంచెమే ఎక్కువ. ఎనిమిది బిట్లు వరుసగా సరిపడే అవకాశం నూటికి ఒకటి కూడ లేదు. ఒక్క బైటుకే ఈ గతి అయితే ఒక తత్వం మాటేమిటి?

ఉపాధ్యాయుడు కంగారులో చేసిన పని మరింత అపాయకరమైనది. పోయినదానిని వెదకే సాఫ్ట్‌వేరును అదే డిస్కులోకి దింపుకున్నాడు. నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే మేనల్లుడు ఫోనులో ఆ మాట విని, "మామా, ఇగ దాంట్ల ఏం ఎక్కియ్యకు. బంద్ చేసి వైరు పీకెయ్" అన్నాడు. తెల్లవారి వచ్చి, డిస్కును విప్పి, మొత్తాన్ని మరొక డిస్కులోకి నకలు తీసి, ఆ నకలులో అన్వేషణ ఆరంభించాడు. రెండు దినాలు వెదికినా ఒక్క తెలుగు అక్షరం దొరకలేదు. దొరికినదంతా పొందిక లేని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. చెత్త అనుకొని పక్కన పెట్టాడు.

ఆ చెత్తను చూచి ఉపాధ్యాయుడు ఉలిక్కిపడ్డాడు. ఆయన టైపు చేసినది యూనికోడ్‌లో కాదు, అను ఫాంటులో. ఆ ఫాంటులో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతస్థానాలలోనే కూర్చుంటాయి. ఫాంటు తొడిగితే తెలుగు, తీసివేస్తే అర్థంలేని రోమను లిపి. మేనల్లుడు రెండు దినాలుగా తత్వాలనే చూస్తున్నాడు, తత్వాలని తెలియక. రజ్జువులో సర్పాన్ని చూచినవాని కథే ఇది. అధ్యాస తొలగగానే 41 తత్వాలు బయటపడ్డాయి. కొన్ని తల లేనివి, కొన్ని మకుటం లేనివి.

మిగిలిన 36 తత్వాల చోట్ల వేరే రాత పడిపోయింది. ఉపాధ్యాయుని అనుమానం నిజమైతే, వాటిలో కొన్నింటిపై కూర్చున్నది ఆయన తెచ్చుకున్న ఆ సాఫ్ట్‌వేరే.

వేదానికి క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం అని పదాలను ముందువెనుకలుగా మరల మరల పలికే రక్షణ ఏర్పడింది. తత్వాలకు అటువంటి కవచమేదీ లేదు. పలు కంఠాలలో ఉండడమే వాటి రక్షణ. ఈ సంగతి గుర్తుకు వచ్చి ఆయన పుస్తకం, పెన్ను పట్టుకొని ఐటిపాములకు పోయాడు. తల్లితో కలిసి భజనలలో కూర్చున్న వృద్ధురాలు ఒకరు అక్కడ ఉన్నారు. ఆమె మూడు సాయంకాలాలు పాడి 19 తత్వాలు ఇచ్చింది. అందులో ఒకదాని చరణం ఆయనకు గుర్తున్న దానికి భిన్నంగా వచ్చింది. అదే మాట అడిగితే, "మీ అమ్మ గట్ల పాడేది బిడ్డా, నాకు గిట్లనే వచ్చు" అన్నది.

ఆమె పాడినది తిరిగి వచ్చిన పాత తత్వమా, అదే మట్టితో పుట్టిన మరొక కుండా? ఆయన నిర్ణయించలేకపోయాడు. తనకు గుర్తున్న పాఠాన్ని పైన, ఆమె పాఠాన్ని కింద రాసుకున్నాడు. ఈసారి టైపు చేసినది యూనికోడ్‌లో. ఫైలు పేరు చివర తేదీ వేసి, ఒక ప్రతిని నల్లగొండలో మేనల్లుని వద్ద ఉంచాడు. అందులో 17 చోట్ల సంఖ్య మాత్రం ఉన్నది, దాని కింద ఏమీ లేదు. వచ్చే ఏకాదశికి నకిరేకల్లు వైపు ఒక భజన ఉన్నదని ఎవరో చెప్పారు.