కంచం మీద పేరు

మా అమ్మమ్మ ఇత్తడి గంగాళం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా వాళ్ల నాన్న పేరు, ముందు ఇంటిపేరు పొడి అక్షరం. సుత్తీ ఉలీ పెట్టి కొట్టిన అక్షరాలవి. పెళ్లికో తద్దినానికో పదిళ్ల సామాను ఒకచోట చేరేది. వంటలయ్యాక ఎవరి గంగాళం వారి ఇంటికి చేరాలంటే పేరు ఉండాల్సిందే. ఆ పేరుకి ఒక పని ఉంది.

నేను పేర్లు వేయించడం మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి ఆలోచించలేదు. పెళ్లయిన ఏడేళ్లకి పుట్టిన పిల్ల మా పెద్దది. బారసాల నాటికే స్టీలు కంచం, గ్లాసు, వెండి ఉగ్గుగిన్నె, తువ్వాళ్లు, చివరికి తలగడ గలీబు మీద కూడా దాని పేరే. విజయవాడ వన్‌టౌన్‌లో సామాన్ల కొట్టతను కరెంటు పెన్నుతో కంచం అంచు మీద ఒక్కో అక్షరం రాస్తుంటే పక్కన నిలబడి ఏడ్చాను. అంత సంతోషం నాకు. ఇప్పుడు అనిపిస్తుంది, అవన్నీ నాకోసం నేను కొనుక్కున్నవేనని. మూడు వారాల పిల్లకి ఏ అక్షరం ఏమిటో తెలుసా?

మొదటి పుట్టినరోజుకి అక్షరాల పూసలు గుచ్చిన చేతిగొలుసు చేయించాను. వారం తిరక్కుండా తీగ తెగింది. పూసలు ఏరి లెక్కపెడితే ఒకటి తగ్గింది. పిల్ల దవడలో దొరికింది. వేలు పెట్టి బయటికి తీసిన ఆ నిమిషం ఇంకా మర్చిపోలేదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో, 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదీ ఉండకూడదని ప్రమాణం ఉందని తర్వాత తెలుసుకున్నాను. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కానీ నేను కొన్నది బొమ్మ కాదు, నగ. ఆ గుర్తు కోసం వెతకాలన్న ఆలోచనే రాలేదు. పూస ఎక్కడిదైనా పసిపిల్ల గొంతు ఒకటే.

అయినా నాకు బుద్ధి రాలేదు. ఒకటో తరగతిలో చేరేటప్పుడు దాని ఫోటో, పేరు పెద్దపెద్ద అక్షరాలతో అచ్చువేయించిన బ్యాగు తెప్పించాను. వీధి చివర నుంచి కూడా చదవచ్చు. ఒక సాయంత్రం బడి దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. గేటు దగ్గర పిల్ల లేదు. రోడ్డుకి అవతల, ఎవరో ముక్కూ మొహం తెలియనాయన పక్కన నిలబడి కబుర్లు చెబుతోంది. ఆయన మంచివాడే. ఒంటరిగా ఉందని పేరు పెట్టి పిలిచి, నీడలో నిలబెట్టాడు. నేను మాత్రం వణికిపోయాను.

"ఎవరో తెలియకుండా ఎందుకెళ్లావమ్మా?"

"తెలుసమ్మా. నా పేరు పెట్టి పిలిచారుగా!"

ఆరేళ్ల పిల్లకి, పేరు తెలిసినవాళ్లంతా మనవాళ్లే. ఆ లెక్కలో దాని తప్పేమీ లేదు. పేరుని రోడ్డు మీద పెట్టింది నేను. ఆ రాత్రే బ్యాగు మీద పాత చీర ముక్క వేసి కుట్టాను.

ఇక చిన్నది. దానికి బట్టలూ సామానూ అక్కవే వచ్చాయి, మన ఇళ్లలో మామూలే. నాలుగేళ్లపాటు అక్క కంచంలోనే అన్నం తింది. అక్షరాలు వచ్చాక ఒకరోజు ముద్ద ఆపి, అంచు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. తలెత్తి, "అమ్మా, నాకు కంచం లేదా?" అంది. ఏడవలేదు, అలగలేదు. అడిగిందంతే. నా దగ్గర జవాబు లేదు. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పూసా కాదు, బ్యాగూ కాదు. ఈ మాటే.

మర్నాడే ఆ కంచం పట్టుకుని కొట్టుకి బయలుదేరాను, అక్క పేరు కింద చెల్లెలి పేరు కూడా వేయిద్దామని. గుమ్మం దాకా వచ్చాక పెద్దది అడ్డం పడింది, అది తన కంచమని. నిజమే కదా. అప్పుడు చిన్నదాన్నే వెంటబెట్టుకుని వెళ్లాను. కంచం అదే ఎంచుకుంది. పేరు ఎక్కడ వేయించాలని అడిగితే, పేరొద్దు, నత్త కావాలంది. వానాకాలంలో మా పెరటి గోడ మీద పాకే నత్తలంటే దానికి ప్రాణం. కొట్టతను పేర్లు వేయడమే గానీ నత్తని ఎప్పుడూ వేయలేదట. కంచం బోర్లించి, కాగితం మీద ఒకసారి గీసి చూసుకుని, అడుగున చుక్కలతో వేసిచ్చాడు. ఇప్పటికీ అన్నం పెట్టేముందు కంచం తిప్పి నత్తని చూసుకుంటుంది.

ఈ జూన్‌లో చిన్నదానికి కొత్త బ్యాగు కొన్నాం. పేరు లోపలి జేబు మీద రాశాను, కింద నా ఫోన్ నంబరు. బయట ఏమీ లేదు. మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే, ఈ రాత్రి వాళ్ల బ్యాగు ఒకసారి చూడండి. పేరు బయటికి కనబడుతుంటే దాని మీద ఒక గుడ్డముక్క వేసి కుట్టేయండి.