పాత సామానుతో రోదసి నౌక

పిల్లలూ, 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమా మొదట్లో తెరంతా నిండిపోయే నౌక ఉందే, ఆ బొమ్మ పొడవెంతో తెలుసా? సుమారు 3 అడుగులే! ఆ సినిమా నౌకల మీది యంత్రాలు చాలావరకు టాంకుల, విమానాల ప్లాస్టిక్ బొమ్మల భాగాలే.

మీరూ చేయవచ్చు. షాంపూ సీసా నౌక అవుతుంది, మూతలు ఇంజన్లు, ఎండిన రీఫిళ్ళు గొట్టాలు. నేను తాతయ్యగారి పాడైన ట్రాన్సిస్టరు కూడా అడిగాను. నాయనమ్మ రెండు రోజులు ఆలోచించి ఇచ్చింది. స్పీకరు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

భాగాలు ఎంత చిన్నవైతే నౌక అంత పెద్దదిగా కనిపిస్తుంది. చొక్కా గుండీ అతికించారో, గుట్టు రట్టయినట్టే! కోతపని పెద్దవాళ్ళచేత చేయించండి. చివర అంతటికీ ఒకే బూడిద రంగు వేస్తే మూతలూ గొట్టాలూ ఏవో పోల్చుకోలేరు.

నాయనమ్మ మాత్రం నౌకను అటూ ఇటూ తిప్పి, స్టేషను మార్చే చక్రం మీద వేలు పెట్టింది.