కుచ్ నై హోతా!

ఆదివారం పొద్దున శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్కన ఓ గంట నిలబడండి. మన జనం రెండు చక్రాల మీద ఏమేం మోయగలరో తెలిసిపోతుంది. సూర్యనారాయణ స్వామికి ఆదివారం ఖాస్ రోజు. స్కూటీ మీద అమ్మా నాన్నా, మధ్యలో ఓ గుంటడు, ముందు నిలబడి ఇంకొకడు. టీవీఎస్ ఎక్స్ఎల్ మీద మూడు బస్తాల కొబ్బరికాయలు. గార వైపు నుంచి చేపల తట్టలు. ప్లాస్టిక్ బిందెలూ బకెట్లూ కుర్చీలూ కట్టుకున్న బండి ఒకటి, వెనక నుంచి చూస్తే నడిపే మనిషే కనిపించడు. వెనక కూర్చున్నాయన ఒళ్ళో గ్యాస్ బండ.

ఎవర్ని అడిగినా జవాబు ఒకటే. హిందూ సోదరులైతే "ఏటవుద్ది బాబూ, సామి సూసుకుంటాడు" అంటారు. మనోళ్ళైతే "కుచ్ నై హోతా భాయ్, అల్లా హై నా" అంటారు. మజ్‌హబ్ వేరైనా భరోసా ఒకటే. వాళ్ళు కొత్త బండికి గుడి ముందు పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మనం దర్గాకి తీసుకెళ్ళి ఫాతిహా ఇప్పించి, హ్యాండిల్‌కి తావీజ్ కడతాం. ఆ తావీజ్ పక్కనే హెల్మెట్ కూడా వేలాడుతుంటుంది. పోలీసు కనబడితే నెత్తిమీదికి ఎక్కుతుంది, దాటాక మళ్ళీ హ్యాండిల్‌కే.

దీన్ని జహాలత్ అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మా ఆపా కొడుకు ప్లాస్టిక్ సామాను అమ్ముతాడు. పొద్దున్నే హోల్‌సేల్ దుకాణంలో సరుకు ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతాడు. రోజంతా తిరిగితే మిగిలేది ఐదారొందలు. ట్రాలీ ఆటో మాట్లాడితే అందులో సగం పైగా దానికే పోతుంది. సరుకు తగ్గించి రెండు ట్రిప్పులు వేద్దామంటే పెట్రోలు, పైగా సగం పూట. అందుకే మొత్తం ఒకేసారి కడతాడు. వాడికి రోడ్డు తెలియక కాదు, లెక్క తెలిసే ఆ పని చేస్తున్నాడు. గరీబు ఇంట్లో రోజీ లెక్క ముందు జాన్ లెక్క వెనక్కి పోతుంది.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మా ఖాందాన్‌లో చూశాం. రెండేళ్ళ కిందట, ఎండాకాలంలో, మాకు దూరపు చుట్టం ఒకాయన బట్టల మూటలు కట్టుకుని హైవే ఎక్కాడు. మూట హ్యాండిల్ కంటే వెడల్పు. పక్క నుంచి లారీ వేగంగా దాటింది, తగల్లేదు కూడా. ఆ గాలికే బండి పక్కకి లాగేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. మర్నాడు పేపర్లో మూడు లైన్లు: బైకు అదుపు తప్పి వ్యక్తి మృతి. నేనూ పత్రికల్లో పనిచేసేవాణ్ణే, ఈ "అదుపు తప్పి" అనే మాట మా వృత్తిలో రోజూ చూస్తాను. అందులో మూట ఉండదు, దాన్ని కట్టినవాళ్ళు ఉండరు, ఆటో కిరాయి ఉండదు. బండి తనంతట తనే పిచ్చెక్కినట్టు ఉంటుంది.

జనాజా దగ్గర అందరూ అన్నమాట, "మౌత్ కా వఖ్త్ ముఖర్రర్ హై, తఖ్దీర్". నిజమే, మౌత్ అల్లాహ్ చేతిలోదే. ఆ బేవా కూడా అదే అనుకుని ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ గడిపింది. ఆ తర్వాత బీమా కాగితం వెతికితే, గడువు ఎప్పుడో ముగిసిపోయింది. సొంత బండి నడిపే యజమాని పోతే, లైసెన్సూ పాలసీ సరిగ్గా ఉంటే, ఇంటివాళ్ళకి 15 లక్షల రూపాయలు వచ్చే కవరేజీ ఉంది. ఏడాదికి కొద్ది వందల రూపాయల ఖర్చు. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు.

ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ తఖ్దీర్, తద్బీర్ అని రెండు మాటలూ పక్కపక్కన బోర్డు మీద రాసి జుమ్లాలు రాయించేవారు. తఖ్దీర్ అంటే రాత. తద్బీర్ అంటే ఉపాయం, ముందు జాగ్రత్త. మనం మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోయాం. అది కూడా రోడ్డు మీదే మర్చిపోతాం. రాత్రి దుకాణానికి రెండు తాళాలు వేసి, లాగి చూసి వస్తాం. అక్కడ "తఖ్దీర్‌లో ఉంటే దొంగ పడతాడులే" అని తలుపు తెరిచి రాం. ఒంటెను కట్టేయాలా, అల్లాహ్ మీద తవక్కుల్ పెట్టి వదిలేయాలా అని ఒకాయన అడిగితే, ముందు కట్టి ఆ తర్వాత తవక్కుల్ పెట్టమని రసూలుల్లాహ్ (స) చెప్పిన సంగతి తిర్మిజీలో ఉంది. జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నామో! ఒంటె పోయి బండి వచ్చింది, అంతే ఫరఖ్.

కట్టడం అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. మూట సీటు మీద ఎత్తుగా పెరిగేకొద్దీ బండి ఒరిగితే మళ్ళీ నిలబెట్టడం కష్టం. వెనక చక్రం దాటి బరువు వేలాడితే ముందు చక్రం తేలికైపోతుంది, హ్యాండిల్ మాట వినదు, ముందు బ్రేకు సరిగ్గా పట్టదు. వెడల్పాటి మూట తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. అందుకే బరువు కిందా, ముందుకీ ఉండాలి, హ్యాండిల్ వెడల్పు దాటకూడదు. వెనక టైరులో గాలి పొద్దున్నే చూసుకోవాలి.

మన ఇళ్ళకి ఖాస్‌గా ఇంకో మాట. బుర్ఖా, దుపట్టా చక్రంలో చుట్టుకుని ఆడవాళ్ళు పడిపోవడం మనందరికీ తెలిసిందే. వెనక చక్రానికి కనీసం సగం కప్పే చీర గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. మన కుర్రాళ్ళు బండి కొన్న వారంలో ఫ్యాషన్ కోసం దాన్ని పీకేస్తారు, అదే బండి మీద అమ్మీని అడ్డంగా కూర్చోబెట్టి షాదీకి తీసుకెళ్తారు. జహేజ్‌లో బండి అడిగే దూల్హాలని చాలామందిని చూశాను. హెల్మెట్లు రెండు కావాలని అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

ఇదంతా మనకొక్కళ్ళకే అంటిన బీమారీ కాదు. థాయ్‌లాండ్‌లోనూ బండి మీదే బజారంతా మోస్తారు, కుటుంబమంతా ఎక్కుతారు. మనకి "కుచ్ నై హోతా" ఎలాగో వాళ్ళకి "మై పెన్ రాయ్" అలాగ: పర్వాలేదులే అని. మెళ్ళో బౌద్ధ భిక్షువులిచ్చిన తాయెత్తు ఉంటుంది. అక్కడ రోడ్డు మీద చనిపోయేవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది ఇలాంటి బండ్ల మీదివాళ్ళే. ఏప్రిల్‌లో వచ్చే వాళ్ళ సోంగ్‌క్రాన్ పండగ సెలవుల్ని "ఏడు ప్రమాదకర దినాలు" అని పిలిచి, సర్కారు రోజూ మరణాలు లెక్కపెట్టి చెబుతుంది. వియత్నాం మాత్రం 2007 డిసెంబర్ 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసింది. కొద్ది రోజుల్లోనే దాదాపు అందరి నెత్తి మీదా హెల్మెట్ కనబడింది. మనుషులు వాళ్ళే, బండ్లు అవే. తఖ్దీర్ మారలేదు, ఆదత్ మారింది.

మన దేశం లెక్క చూడండి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 44.5 శాతం టూవీలర్ల మీదివాళ్ళే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. సరిగ్గా బిగించుకున్న హెల్మెట్ మరణం ముప్పుని సుమారు 40 శాతం తగ్గిస్తుంది. ఖానూన్ కూడా ఉంది. బండి మీద వెనక ఒక్కరే కూర్చోవాలి. 2019 సవరణ ప్రకారం ముగ్గురెక్కినా, హెల్మెట్ లేకపోయినా వెయ్యి రూపాయల జుర్మానా, మూడు నెలలు లైసెన్స్ మీద వేటు. 9 నెలల నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలకి నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, చిన్న హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నియమం తెచ్చారు. మన బస్తీల్లో ఆ బెల్టు ఎలా ఉంటుందో చూసినవాళ్ళున్నారా?

జుర్మానాతో మా భాంజా మారడు. చలానా కట్టి మర్నాడు ఇంకాస్త ఎత్తుగా కడతాడు, పోయిన డబ్బు రాబట్టుకోవాలి కదా! అందుకే మొన్న వాడితో కూర్చుని మాట్లాడాను. హెల్మెట్ మాట ఎత్తగానే నవ్వాడు. "మామూ, ఊళ్ళో కేకేసుకుంటూ తిరగాలి. హెల్మెట్ పెడితే నా గొంతు బయటికి రాదు, ఆడోళ్ళు పిలిస్తే నాకినబడదు. ఒక్క బిందె అమ్ముడవ్వదు."

నా దగ్గర జవాబు లేదు. వాడి మాటలో నిజముంది. పక్కన తస్బీహ్ తిప్పుకుంటున్న అమ్మీయే జవాబు చెప్పింది. "ఊళ్ళో తియ్యి రా. బడీ రోడ్డు మీద నిన్నెవరు బిందె అడుగుతారు?" తర్వాత అయతుల్ కుర్సీ చదివి వాడి మీద ఊదింది. దువా చేసింది, తద్బీర్ కూడా చెప్పింది. బడికెళ్ళని మనిషి, రెండూ ఒకేచోట పెట్టింది.

ఇప్పుడు వాడు హైవే మీద హెల్మెట్ పెడుతున్నాడు, సందుల్లో తీస్తున్నాడు. కుర్చీలు మాత్రం రెండో ట్రిప్పులో తెస్తున్నాడు. రోజుకి ఎనభై, వంద రూపాయలు తగ్గుతోందట. రథసప్తమి వస్తే మళ్ళీ ఆకాశమంత ఎత్తు కడతాడని నాకు తెలుసు, ఆ ఒక్క రోజు గిరాకీ అలాంటిది. ఆ వంద రూపాయల నష్టం వాడొక్కడే ఎందుకు భరించాలన్నది నా సవాల్. అలా తిరిగేవాళ్ళు మన బస్తీలో పది మంది ఉంటే, మసీదు కమిటీ ఖర్జె హసనా ఇచ్చి పాత ట్రాలీ ఆటో ఒకటి ఉమ్మడిగా కొనిపించొచ్చు. హోల్‌సేల్ సేఠ్ సరుకు తాళ్ళు బిగించి పంపే ముందు, హ్యాండిల్ వెడల్పు దాటితే "ఇక చాలు బేటా" అనొచ్చు. బైతుల్‌మాల్ నుంచి బేవాలకి నెలనెలా ఇచ్చే వజీఫాలో కొంత, వాళ్ళు బేవాలు కాకముందే ఖర్చు పెట్టొచ్చు. దారిలో హాని చేసే వస్తువుని తొలగించడం ఈమాన్‌లో భాగమని నేర్చుకున్నవాళ్ళం. ముల్లూ రాయీ మాత్రమే హాని కాదు, మనం కట్టిన మూట కూడా ఒక్కోసారి హానే.

ఇంట్లోంచి బండి బయల్దేరేటప్పుడు "ఖుదా హాఫిజ్" అంటాం. అనండి. అనే ముందు హెల్మెట్ బెల్టు బిగించాడో లేదో, దుపట్టా లోపలికి చెక్కుకుందో లేదో, బీమా ఎప్పటిదాకా ఉందో ఒక్కసారి అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.