పాదలేపనం లేని ప్రయాణం

ముప్పది ఏళ్ళకు పైగా బడిపిల్లలకు మనుచరిత్రలోని ప్రవరాఖ్యుని కథ చెప్పినవాణ్ణి. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని హిమాలయానికి చేరిన ఆ బ్రాహ్మణుడు, అది మంచుకు కరగిపోగా తిరిగిరాలేక తల్లడిల్లిన ఘట్టం ఎన్నిమార్లు చెప్పానో! నేను మాత్రం మంచుకొండను కంటితో చూచి ఎరుగను. ఆ వెలితి ఈ ఏడు సెప్టెంబరులో తీరవచ్చును. ఐతే హిమాలయంలో కాదు, ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో. మా అమ్మాయి ఉద్యోగరీత్యా లియాన్ నగరంలో ఉంటున్నది.

మొదట తను మోఁబ్లాఁ చుట్టూ తిరిగే యాత్ర మాట ఎత్తింది. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు మూడింటినీ తాకుతూ సుమారు 170 కిలోమీటర్లు, పది రోజుల పైమాట! "నాన్నగారూ, అందులో రెండు రోజులు నడుద్దాం" అన్నది. ఆ దారి కిక్కిరిసి ఉంటుందని విని, సవ్వా ప్రాంతంలోని వన్వాజ్ జాతీయోద్యానాన్ని ఎంచుకున్నాము. (పేరులో 'వన' వినిపించినా మన శబ్దంతో దానికి చుట్టరికం లేదు సుమా!) 1963లో ఏర్పడిన ఇది ఫ్రాన్సుకు మొట్టమొదటి జాతీయోద్యానం. వేటకు బలియై అంతరించబోతున్న బూక్‌తాఁ అనే పెద్దకొమ్ముల కొండమేకలను కాపాడడం దాని ముఖ్యోద్దేశాలలో ఒకటి.

మూటియే వరకు రైలు, అక్కడినుండి ప్రలోన్యాన్ అనే పల్లెకు బస్సు. పల్లెకు పైనున్న ఫోంటనెట్ నుండి నడక. ఆవుల సరస్సు అనే పేరుగల నీటిమడుగు మధ్యగా పరచిన రాతిపలకల మీదుగా దాటి, సుమారు 2,515 మీటర్ల ఎత్తున కనుమలో ఉన్న పర్వతాశ్రయానికి చేరాలి. ఎదురుగా 3,855 మీటర్ల గ్రాండ్ కాస్ శిఖరం. దాదాపు 870 మీటర్ల ఎక్కుడు. గంటకు మూడువందల మీటర్లు ఎక్కగలరని అక్కడివారి లెక్క. మా వయసుకు ఐదుగంటలు వేసుకున్నాను. మధ్యాహ్నం దాటితే ఉరుముల వాన భయం గనుక ఉదయం ఏడింటికే కదలాలి.

అసలు చిక్కు మా ఇంటావిడ మోకాళ్ళు. అలిపిరి దారిన మోకాళ్ళ పర్వతం ఎక్కిన మనిషే, కాని అది ఇరవై ఏళ్ళనాటి మాట. ఎక్కడం కన్న దిగడమే మోకాలికి శత్రువని, రెండు చేతులా రెండు కర్రలు పట్టుకొమ్మని వైద్యుడు చెప్పారు. అందుకే ఒకనాడు ఎక్కి, రాత్రి పైన పడుకొని, మరునాడు నిదానంగా దిగే ఏర్పాటు. నన్నూ అమ్మాయినీ పైకి పంపి తను పల్లెలో ఆగుతానన్నది మొదట. నేను ఒప్పుకోలేదు. "సరే, ఆవుల సరస్సు దాకా వస్తాను. అక్కడ నా మోకాలు ఏమంటే అదే తీర్పు. మీరు మొగమాటపెట్టకూడదు, ముఖం ముడుచుకోనూ కూడదు" అన్నది. రెండో షరతే కష్టం.

వీసాకు ఆరునెలల ముందునుండే దరఖాస్తు చేయవచ్చును. ముప్పదివేల యూరోలకు తగ్గని వైద్యబీమా తప్పదు. ఆశ్రయంలో బూట్లు గుమ్మంలోనే విడవాలట (ఈ ఆచారం నాకు నచ్చింది), ఉమ్మడి గదులలో పడకలు, పలుచని పడకసంచి ఎవరిది వారే తెచ్చుకోవాలి. శాకాహారమని ముందే చెప్పకపోతే జున్నుతో సరిపెట్టుకోవలసిందే. అమ్మాయి చెప్పింది. ఇంటావిడ మాత్రం చింతకాయ పచ్చడి సీసా బరువెంతో తూచి చూచుకున్నది.

అన్నట్టు, నెలరోజులుగా వారానికి మూడునాళ్ళు మంగళగిరి కొండమెట్లు ఎక్కుతున్నాము, వీపున బియ్యపు సంచీతో. దిగేటప్పుడు తను ప్రతి మలుపులోనూ ఆగుతుంది; నేను అడగను. రేపు ఏకాదశి, రద్దీ ఉంటుంది, నాలుగున్నరకే లేవాలట.