కాలక్షేపం అనే మూఢనమ్మకం

హేతువాది ఇంట్లో క్రిస్మస్ అలంకరణలు తయారవుతున్నాయంటే కొందరు మిత్రులకు వింతగా ఉంది. "దేవుడు లేడంటావు, మళ్ళీ ఇవేమిటి?" అని అడిగారు. జవాబు సులభం. ఏసు డిసెంబరు 25న పుట్టాడని బైబిల్లో ఎక్కడా లేదు. ఆ తేదీకి దొరికే పాత ఆధారం రోములో 354లో కూర్చిన ఒక పంచాంగం. చెట్టును అలంకరించడం జర్మన్ల ఆచారం. విక్టోరియా రాణి కుటుంబం అలాంటి చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో ఒక లండన్ వారపత్రికలో అచ్చయ్యాక ఇంగ్లండులో బాగా వ్యాపించింది. మనుషులు కల్పించుకున్న వేడుకకు ఒక ఊలు బంతి కట్టినంత మాత్రాన హేతువాదం చెడిపోదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు.

మేముండేది సూరత్‌లోని సలాబత్‌పురాలో. చీరల మార్కెట్లు దగ్గరే. తెలంగాణ నుంచి మగ్గాల పని మీద వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన పద్మశాలీలు చాలామంది. మగవాళ్ళు కార్ఖానాకు వెళితే, ఆడవాళ్ళు ఇంట్లో చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అంటించడం, లట్కన్లు కట్టడం చేస్తారు. పీసుకు ఇంత అని కూలి. మా పైవాటాలో ఉండే వదిన పనీ అదే. కిందటి క్రిస్మస్‌కు ముందు ఒక వ్యాపారి ఆమెను చెట్టుకు కట్టే ఊలు బంతులు చేసిమ్మన్నాడు. దారం అతనిది, బంతికి 2 రూపాయలు. "టీవీ చూస్తూ చేసుకునే కాలక్షేపమే కదా" అన్నాడట.

మా ఆవిడా నేనూ వదిన దగ్గర ఆ పని నేర్చుకున్నాం, గడియారం ఎదురుగా పెట్టుకుని. అట్టముక్క మీద ఊలు వంద చుట్లు చుట్టాలి. అట్ట లాగేసి, నడుమ గట్టిగా ముడి బిగించాలి. రెండు పక్కలా మడతలు కత్తిరించి, విచ్చుకున్న పోగులను గుండ్రంగా దిద్దాలి. ముడికి పాలియెస్టర్ దారం వాడితే జారుతుంది. రెండు ముళ్ళు వేసి, కొసను అగ్గిపుల్లతో కాస్త కరిగించాలి. ముడి వదులైతే పోగులన్నీ రాలిపోతాయి. చెయ్యి తిరిగిన వదినకే ఒక్కోదానికి 6 నిమిషాలు పట్టింది. అంటే గంటకు 10 బంతులు, 20 రూపాయలు. ఎనిమిది గంటలు వంచిన మెడ ఎత్తకుండా చేస్తే 160. ఇక టీవీ చూసేదెప్పుడు?

ఇది సూరత్‌కే పరిమితం కాదు. మన నరసాపురం లేసు చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. దాని మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. విదేశీ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నా ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు అన్నారు, ఆ మాట చాటునే కూలి తక్కువగా ఉంచగలిగారు అని ఆమె చూపించారు.

పరీక్షించకుండా నమ్మేదాన్నే మూఢనమ్మకం అంటాం. ఈ 'కాలక్షేపం' అలాంటిదే. జాతకాల లాగే దీనివల్ల కూడా ఎవరికో లాభం ఉంది కాబట్టే బతుకుతోంది.

వదిన ఆ లెక్క చెప్పి 5 రూపాయలు అడిగింది. "ఇంకొకరు రెండుకే చేస్తారు" అని వ్యాపారి వెళ్ళిపోయాడు. చేసేవాళ్ళు దొరికారు కూడా. లెక్క ఒక్కరి చేతిలో ఉంటే చాలదన్నమాట. ఈ గుజరాత్‌లోనే ఇలా భట్ 1972లో అహ్మదాబాదులో 'సేవా' సంఘం పెట్టి, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళను కూడగట్టింది అందుకే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 177వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

ఇప్పుడు మా గల్లీలో నలుగురైదుగురు ఆడవాళ్ళు తమ తమ పనికి పట్టే నిమిషాలు నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. ఎవరైనా మీ ఇంట్లో పనిని కాలక్షేపం అంటే వాదన పెట్టుకోకండి. పక్కన కూర్చుని, గడియారం చూస్తూ, ఒక గంట చేయమనండి.